“ఏజెన్సీ” యను మాట: వాచ్యార్థము, లక్ష్యార్థము

“ఏజెన్సీలో వానలు మెండుగా కురిసినవి” అని ఖమ్మము, భద్రాచలము ప్రాంతములవా రందఱు నందురు. ఆంగ్ల నిఘంటువును తెఱచి యా మాట కర్థము వెదకిన విద్యార్థికి “ఒకరి పక్షమున పని చేయు కార్యాలయము” అని కనఁబడును. కార్యాలయములో వాన కురియు టెట్లు? ఈ చిక్కును విప్పుటకే మే మీ వ్యాసము వ్రాయుచున్నాము.

మాట వినఁగానే నేరుగా తోఁచు నర్థము వాచ్యార్థము. అది పొసఁగనప్పుడు దానితో సంబంధము గల వేఱొక యర్థమును గ్రహింతుము. అది లక్ష్యార్థము. “గోదావరిమీఁది పల్లె” యన్నచో పల్లె నీటిపై తేలుచున్నదని యెవరు ననుకొనరు. ఏటి యొడ్డున నున్నదని గ్రహింతురు. “ఏజెన్సీ” యు నట్టిదే.

దీనికి మూలము లాటిను భాషలో “చేయుట, నడపుట” యను నర్థము గల ధాతువు. దానినుండియే “ఏజెంటు” అను మాటయుఁ బుట్టెను. ఏజెం టనఁగా చేయువాఁడు, మన వ్యాకరణములోని కర్త. ఇది యొక యర్థము. ఒకరికి బదులు చేయువాఁడు, అనఁగా ప్రతినిధి లేక ముక్తారు. ఇది రెండవ యర్థము. మొదటివాఁడు తన యిచ్ఛచొప్పున చేయును. రెండవవాఁడు పరుల యాజ్ఞచొప్పున చేయును.

1839వ సంవత్సరపు 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల మన్యప్రదేశములు సామాన్య న్యాయస్థానముల యధికారమునుండి తొలఁగింపఁబడెను. గవర్నరునకు ఏజెంటైన కలెక్టరు వానిని పాలించెను. ఆ ఏజెంటు పాలించు సీమ “ఏజెన్సీ” యయ్యెను. ఇట్లు అధికారి పేరు అడవికి సంక్రమించెను. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాలనుండి చెన్నపురి రాజధానిలోని గోదావరి జిల్లాకు చేరి, తరువాత నీ పేరే పొందెను. నైజాము రాజ్యములో నుండిన పాల్వంచ, ఇల్లెందు ప్రాంతములను గవర్నరు ఏజెం టెన్నఁడును పాలింపలేదు. అయినను నేఁడు వానిని గూడ ఏజెన్సీ యనియే యందురు. మాట గోదావరిని దాఁటి, “గిరిజనులుండు నడవిసీమ” యను నర్థమున స్థిరపడినది.

ఇది వట్టి మాటల ముచ్చట గాదు. 1917వ సంవత్సరపు చట్టము ప్రకారము కొండజాతులవారు తమ భూమిని ఇతరుల కమ్మవలెనన్న ఏజెంటుయొక్క వ్రాతపూర్వకమైన యనుమతి కావలసియుండెను. భూమి పరులపాలు గాకుండ కాపాడుటయే దాని యుద్దేశము. కాని యందు కర్త ఏజెంటే. కోయలుగాని కొండరెడ్లుగాని కారు. 1970వ సంవత్సరపు నిబంధన, జనులు “వన్ ఆఫ్ సెవెంటీ” యనునది, అట్టి భూమి గిరిజనేతరులకు బదిలీ యగుటను నిషేధించెను. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము మఱియొక యడుగు ముందునకు వేసెను. అడవి భూమిపై నెవరి కే హక్కు గలదో విచారించుట గ్రామసభయే యారంభింపవలెనని యది విధించెను. ఈ పనిలో నడవివాసులే కర్తలు. గ్రామసభ కూడి, జనులు నోరు విప్పి తమ మాట చెప్పినచోటనే యీ యర్థము సార్థక మగును.

విద్యార్థులారా! “ఏజెన్సీలో భూమి ఇయ్యఁబడెను”, “అడవి తీసికొనఁబడెను” అను వాక్యములు మీ కంటఁ బడునప్పుడు, వ్యాకరణపు తరగతిలో మీ యుపాధ్యాయు లడుగు ప్రశ్ననే మీరును అడుగుఁడు: ఇందు కర్త యెవరు?