సముద్రతీరమున కుటుంబ విడిది – ఎంచుకొను విధము

మన ప్రాంతమున ప్రవహించు కుశస్థలీ నది పూండి జలాశయమును నింపి, పిదప ఎన్నూరు వద్ద సముద్రమున కలియుచున్నది. కడంబత్తూరున ఎలెక్ట్రిక్ రైలు ఎక్కినవారు రెండు గంటలలోపల చెన్నపట్టణము చేరి, ఆ సముద్రమునే మెరీనా తీరమున చూడవచ్చును. కాని ఒక సాయంకాలము ఇసుకపై కూర్చుండి శనగలు తిని మరలి వచ్చుట వేఱు. తీరమునందే రెండు మూడు దినములుండి సూర్యోదయమును, ఆటుపోటులను, జాలరుల జీవనమును కన్నులార చూచుట వేఱు. ఇందులకై కాటేజీలనబడు విడిది ఇండ్లను అద్దెకు తీసికొను అలవాటు నేడు మధ్యతరగతి కుటుంబములలోను పెరుగుచున్నది. అట్టి విడిదిని ఎట్లు ఎంచుకొనవలెనో తల్లిదండ్రులకును, విద్యార్థులకును తెలియజేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

విహారార్థము సముద్రతీరమున నివసించుట మనకు ప్రాచీనమైన అలవాటు కాదు. మాఘ పూర్ణిమ, కార్తిక పూర్ణిమ వంటి పర్వదినములందు సముద్రస్నానము చేయవలెననియు, తక్కిన దినములందు సముద్రమును తాకరాదనియు మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఐరోపాలో 1750లో రిచర్డ్ రస్సెల్ అను ఆంగ్లవైద్యుడు సముద్రజలముతో చికిత్సను గూర్చి ఒక గ్రంథమును వెలువరించెను. అటుపిమ్మట బ్రైటన్ మొదలగు తీరగ్రామములు స్నానార్థులతో నిండి పట్టణములయ్యెను. ఆ అలవాటు క్రమముగా లోకమంతట వ్యాపించెను. మన పెద్దల కట్టుబాటులోను ఒక మేలు లేకపోలేదు. పర్వదినమున వేలకొలది జనము కలిసి స్నానము చేయుదురు. ఒంటరిగా పిల్లవాడు నీటిలో దిగు సందర్భము అరుదు. తీరమున విడిది చేసిన కుటుంబమునకు ఆ జనసందోహపు రక్షణ ఉండదు. తమ పిల్లలను తామే కాచుకొనవలెను.

మనకు అనుకూలమైన స్థలములు పెక్కు గలవు. చెన్నైకి 60 కిలోమీటర్లలోపల నున్న మహాబలిపురమున తమిళనాడు పర్యాటకాభివృద్ధి సంస్థవారి విడిదియు, ప్రైవేటు కాటేజీలును గలవు. 1984లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడిన పల్లవుల శిల్పములు అచ్చటనే యున్నవి. తెలుగు నేలను చూడగోరువారు చెన్నై నుండి విజయవాడ మార్గమున బాపట్లలో దిగినచో, సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక తీరము కలదు. అచ్చట ఆంధ్రప్రదేశ్ పర్యాటకసంస్థవారి కాటేజీలున్నవి. మన తిరువళ్ళూరు జిల్లాలోనే, తెలుగువారు ప్రళయకావేరి యని పిలుచు పులికాట్ సరస్సు కలదు. ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగి వచ్చుటకు అది తగిన చోటు.

ఇక ముఖ్యవిషయము. ఇంటిని చూడబోవువారు సాధారణముగా అడుగు మొదటి ప్రశ్న, ‘సముద్రము ఎంత దగ్గర?’ అని. పిల్లలు గల కుటుంబమువారు అడుగవలసిన ప్రశ్న, ‘నిద్ర లేచిన పిల్లవాడు పెద్దలకు తెలియకుండ నీటిని చేరగలడా?’ అని. ప్రహరీగోడ యున్నదా? తలుపునకు పిల్లల చేతికందని గడియ యున్నదా? ఆవరణలో ఈతకొలను ఉన్నచో దానికి కంచె యున్నదా? అలలు వరండాను తాకునని చెప్పు ఇంటికన్న, పది నిమిషములు నడిచినగాని నీరు కనబడని ఇల్లు చిన్నపిల్లల తల్లికి మేలైనది. ఏలయన, ఆ ఇంటినుండి సముద్రమునకు పోవునపుడెల్ల పెద్దవారెవరో ఒకరు వెంట బయలుదేరుదురు.

మరియొక సంగతి. 1991లో కేంద్రప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ప్రకటనను వెలువరించెను. పోటునీరు చేరు గరిష్ఠరేఖ నుండి 500 మీటర్ల వరకు గల నేలపై కట్టడములకు నిబంధనలు ఏర్పడెను. 2011, 2019 సంవత్సరములలో ఆ ప్రకటన మార్చబడినను, తీరపు అంచున ఇష్టానుసారముగా ఇండ్లు కట్టుటకు వీలు కలుగలేదు. కావున నీటి అంచునే యున్న విడిదికి తగిన అనుమతి గలదా యని విచారించుట మంచిది.

చెరువులో ఈదిన పిల్లవాడు సముద్రమునందును ఈదగలనని తలచును. ఇది ప్రమాదకరమైన భ్రమ. చెరువునీరు కదలక నిలిచియుండును. సముద్రమున అలలు తెచ్చిన నీరు మరల లోపలికి పోవలెను గదా! కొన్ని చోట్ల అది ఇసుకమేటల నడుమ సన్నని దారి చేసికొని వేగముగా వెనుకకు పారును. ఆ దారిలో అలలు తక్కువగా విరుగుటచేత అదియే ప్రశాంతమైన చోటువలె కనబడును. అందు చిక్కినవాడు తీరమునకు ఎదురీదినచో అలసిపోవును. కంగారుపడక నీటిపై తేలియుండి సహాయమునకై చేయి ఎత్తవలెను. లేక తీరమునకు సమాంతరముగా కొంతదూరము ఈది, ఆ ప్రవాహమును దాటిన పిదప ఒడ్డునకు మరలవలెను. గట్టుపైనున్నవారు వెంటనే నీటిలో దూకరాదు. రక్షింపబోయినవారే మునిగిపోయిన సందర్భములు పెక్కు. తాడు, ఖాళీ నీళ్ళడబ్బా, ట్యూబు వంటి తేలెడి వస్తువును విసరి, జాలరులను కేక వేయవలెను. అత్యవసరమున 112కును, ఆంబులెన్సునకు 108కును ఫోను చేయవలెను. విడిదిని మాటాడునపుడే, స్నానమునకు ఏ చోటు మంచిదో, కాపలా ఈతగాండ్రు గలరో లేదో అడిగి తెలిసికొనవలెను.

పడవ విహారమునకును ఇట్టి జాగ్రత్త అవసరము. 2011 డిసెంబరు 25న పులికాట్ సరస్సులో పడవ మునిగి 20 మందికి పైగా మరణించిరి. తేలుడు చొక్కాలు ఇయ్యని పడవను, పరిమితికి మించి జనమును ఎక్కించు పడవను ఎక్కరాదు.

కాలమును గూర్చియు ఆలోచింపవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల కాలము. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను మహాబలిపురము సమీపమున తీరము దాటెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటెను. కావున అర్ధసంవత్సరపు సెలవులలో పోవువారు వాతావరణశాఖవారి హెచ్చరికలను చూచి కదలవలెను. ఆకాశము నిర్మలముగా నున్నను సముద్రము ఉప్పొంగవచ్చును. దూరమున పుట్టిన తుపానుల అలలు గాలి లేకుండగనే మన తీరమును చేరును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్రసమాచార కేంద్రము ఇట్టి హెచ్చరికలను ప్రకటించుచున్నది. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు వైద్యవిద్యార్థులు అలలకు బలియైరి. ఆ దినమున అట్టి హెచ్చరిక అమలులోనే యుండెను. చదువుకొన్నవారికిని హెచ్చరికను లెక్కసేయని క్షణమున ఆపద తప్పదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీని మనము మరువలేదు. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తగ్గినచో, గవ్వలను ఏరుకొనబోక ఎత్తైన చోటికి పరుగెత్తవలెనని పిల్లలకు నేర్పవలెను.

ఇంటిలోపలి వసతులను కుటుంబములోని ప్రతివారిని తలచుకొని చూడవలెను. అవ్వకు, తాతకు మెట్లు లేని గది, కూర్చుండు మరుగుదొడ్డి కావలెను. త్రాగునీరు ఉప్పగా నుండునేమో అడుగవలెను. కరెంటు పోయినచో జనరేటరు గలదా, సమీపమున ఆసుపత్రి యెచ్చట నున్నది అనునవి తెలిసికొనవలెను. వంటగది యున్నదని సంతోషించుటకు ముందు, అందు వండువారెవరో ఆలోచింపుడు. ఇంట మూడు పూటలు వండు తల్లి అచ్చటను మూడు పూటలు వండినచో ఆమెకు సెలవు ఎక్కడిది? ఒక పూటయైనను భోజనము తెప్పించుకొను ఏర్పాటు ఉండవలెను. తాజాచేపలను ఆశించువారు, తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపు పడవల వేట నిషేధమని గుర్తుంచుకొనవలెను.

అద్దె లెక్కను పిల్లలచేతనే చేయింపవచ్చును. ఉదాహరణమునకు, ఆరుగురు గల కుటుంబము రెండు దినములకు పోవుచున్నదనుకొందము. మొదటి ఇంటికి దినమునకు 4,000 రూపాయలు. రెండవ ఇంటికి మనిషికి 800 చొప్పున దినమునకు 4,800. మొదటిదే చవుక యని తోచును. కాని అచ్చట ఇద్దరికి అదనపు పరుపులకు ఒక్కొక్కటికి దినమునకు 500 చొప్పున 2,000, వంటగ్యాసునకు 500 చేరినచో మొత్తము 10,500 అగును. అన్నియు కలిపి ఇచ్చు రెండవ ఇంటికి 9,600 మాత్రమే. పన్ను, కరెంటు ఖర్చు, తిరిగి ఇచ్చు డిపాజిట్టు, ప్రయాణము మానినచో వాపసు వచ్చు సొమ్ము – ఇవన్నియు ముందుగానే వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. దినమనగా ఏ గంట మొదలు ఏ గంట వరకో కూడ అడుగవలెను. పలుచోట్ల మధ్యాహ్నము 12 గంటలకు ప్రవేశించి మరునాడు 11 గంటలకు ఖాళీ చేయవలసియుండును.

ఫోనులో అందమైన ఫోటోలను చూచి, ముక్కు మొగము తెలియనివారికి అడ్వాన్సు పంపుట తగదు. పూర్తి చిలునామా అడిగి, తెలిసినవారిచే విచారింపజేసి, రసీదు పొందిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను. ప్రభుత్వ పర్యాటకసంస్థల విడిదులను ఆ సంస్థల స్వంత కార్యాలయములలోను, అంతర్జాలమునందలి వారి స్వంత పుటలలోను మాత్రమే రిజర్వు చేసికొనుట క్షేమము.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింట సముద్రయాత్ర మాట వచ్చినచో, పైన చెప్పిన ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసి మీ తండ్రిగారికి ఇండు. నీటి దగ్గర చెల్లెలిని ఏ పూట ఎవరు కనిపెట్టియుండవలెనో ఆ కాగితము అడుగున వ్రాయుడు. మీ పేరు అందు మొదట ఉండవలెను.