మీకు తెలుసా? ప్లగ్గు మరిస్తే అదీ పెట్రోలు కారే

మారతహళ్లిలో ఉండే మా అక్కావాళ్లు రెండు నెలల కిందట ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొన్నారు. ఒకరు వాడి అమ్మినదే అయినా వాళ్లింటికి కొత్తదే. గుడి ముందు పూజ చేయించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. బావగారు బ్రేకు తొక్కి స్టార్ట్ బటన్ నొక్కారు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కారు. అయినా లేదు. పూజారిగారు కూడా బానెట్ వైపు చూశారు. నిజానికి మొదటిసారి నొక్కినప్పుడే బండి సిద్ధమైపోయింది. డాష్‌బోర్డు మీద 'రెడీ' అని చిన్న పచ్చక్షరాలు వెలిగాయి. రెండోసారి నొక్కేసరికి ఆగిపోయింది. మూడోసారి అక్క ఆ అక్షరాలు చూసి, "అయిపోయింది, పోనివ్వండి" అంది. ఇంజను మోత లేకుండా కారు కదిలింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు మాత్రం అందరికీ వినపడింది.

అప్పట్నుంచి వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ కారు గురించి ఒక కొత్త సంగతి తెలుస్తూనే ఉంది. చదివి సరిచూసుకున్నవీ, పక్క సీట్లో కూర్చుని చూసినవీ కొన్ని ఇక్కడ.

మూడు హైబ్రిడ్లు

హైబ్రిడ్ అనే మాట ఒకటే, కార్లు మాత్రం మూడు రకాలు. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజనుకు చేయూత మాత్రమే, తనంత తాను బండిని లాగలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ కాస్త దూరం మోటారుతోనే పోతుంది. కానీ దాని బ్యాటరీ నిండాలంటే ఇంజనైనా తిరగాలి, బ్రేకైనా పడాలి. తీగ తగిలించే చోటే ఉండదు. బెంగళూరు పక్కనే బిడదిలో టొయోటా తయారుచేసే ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ ఈ రకం. అక్కడే 2013లో క్యామ్రీ హైబ్రిడ్ తయారీ మొదలైంది. ప్లగ్-ఇన్‌కు పెట్రోలు మూత కాక ఇంకో మూత ఉంటుంది. పది నుంచి పాతిక యూనిట్ల కరెంటు పట్టే పెద్ద బ్యాటరీ ఉంటుంది. షోరూముల్లో ఈ మూడూ 'హైబ్రిడ్ సార్' అన్న ఒక్క మాట కింద పోతుంటాయి. కొనేవాళ్లు అడగాల్సింది ఒకటే: "దీనికి ప్లగ్గు పెట్టొచ్చా?"

హొసకోటె పేరు కూడా ఉంది

2017లో వోల్వో బెంగళూరు శివార్లలోని హొసకోటెలో ఎక్స్‌సీ90 కార్లు బిగించడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, ఆ మోడల్‌లో ప్లగ్-ఇన్ రకమైన టీ8ను కూడా అక్కడే బిగిస్తామని ప్రకటించింది. అంతకుముందు 2015లో బీఎండబ్ల్యూ ఐ8ని మన దేశంలో సచిన్ తెందూల్కర్ ఆవిష్కరించాడు. అదీ ప్లగ్-ఇన్ హైబ్రిడ్డే. ఈ రకం ఇక్కడ ఖరీదైన కార్లలోనే ఆగిపోయింది. చైనాలో మామూలు సంసారాలు కొనుక్కునే ధరల్లో దొరుకుతోంది. ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతూ, పండక్కి మాత్రం ఐదొందల కిలోమీటర్లు పోయే మన మధ్యతరగతి ఇళ్లకు ఇంతకన్నా నప్పే కారు లేదని నా నమ్మకం. అది మనకింకా అందకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నూట పాతికేళ్ల ఆలోచన

ఇంజను కరెంటు పుట్టించాలి, మోటారు చక్రం తిప్పాలి అన్న ఊహను ఫెర్డినాండ్ పోర్షె 1900లోనే బండిగా చేసి చూపించాడు. పేరు 'సెంపర్ వీవుస్'. లాటిన్‌లో 'ఎప్పుడూ ప్రాణంతో ఉండేది' అని అర్థం. గోడకు ప్లగ్గు పెట్టే హైబ్రిడ్ పెద్దయెత్తున తయారై అమ్మకానికి రావడానికి మాత్రం 2008 డిసెంబరు దాకా ఆగాల్సివచ్చింది. అది చైనా కంపెనీ బీవైడీ తెచ్చిన ఎఫ్3డీఎం.

బెంగళూరుకు ప్లగ్గు పెట్టే కారు కొత్తేమీ కాదు. 2001లో రేవా ఇక్కడ పుట్టిందే. లండన్ వీధుల్లో 'జీ-విజ్' అన్న పేరుతో తిరిగింది కూడా ఆ బుల్లి కారే.

ఎర్త్ తీగ కథ

కొన్న మొదటి వారం కారు ఛార్జ్ కాలేదు. కారుతో వచ్చే కేబుల్ మధ్యలో ఇటుకంత పెట్టె ఒకటి ఉంటుంది. బేస్‌మెంట్ స్తంభానికున్న 15 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టగానే దాని మీద ఎర్రదీపం వెలిగేది. బావగారు కారే చెడిపోయిందనుకున్నారు. అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే, ఎర్త్ తీగ ఎక్కడా బిగించకుండా వెనకాల వేలాడుతోంది.

ఆ పెట్టె చేసే మొదటి పని అదే. ఎర్త్ ఉందో లేదో చూస్తుంది, లేకపోతే ఒక్క చుక్క కరెంటు కూడా కారుకు వదలదు. మన ఇళ్లల్లో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లు జిల్లుమనడానికి కూడా చాలాసార్లు ఎర్త్ లేకపోవడమే కారణం. అక్కడ సర్దుకుపోతాం. ఈ కారు సర్దుకుపోదు.

ఇంకో మాట. ఈ కేబుల్ పది ఆంపియర్లు లాగితే గంటకు 2.3 యూనిట్లు ఎక్కుతాయి. పది యూనిట్ల బ్యాటరీకి దగ్గర దగ్గర ఐదు గంటలు. గీజరు పావుగంట పనిచేసి ఆగుతుంది, ఇది రాత్రంతా ఆగకుండా లాగుతుంది. కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకూడదు. కొత్తలో అరగంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే ఆపేసి, సాకెట్ మార్పించండి.

కొత్తగా కట్టే భవనాల్లో ఐదో వంతు పార్కింగుకైనా ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్రం 2019లో నమూనా భవన నిబంధనల్లో చేర్చింది. పాత అపార్ట్‌మెంట్లలో మాత్రం అసోసియేషన్ మీటింగులో చెయ్యెత్తి అడగాల్సిందే.

రోడ్డు పక్క పెద్ద ఛార్జర్

హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ కనిపించగానే బండి ఆపకండి. చాలా ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు ఆ గన్ పట్టదు. కింద అదనంగా ఉండే రెండు లావుపాటి పిన్నులకు కారులో చోటుండదు. ఇంట్లో రాత్రిపూట నెమ్మదిగా ఎక్కే కరెంటే దీని తిండి.

లెక్క

బెంగళూరులో ఇంటి కరెంటు యూనిట్‌కు పన్నులతో కలిపి ఏడు రూపాయలనుకుందాం. పది యూనిట్లు నింపాలంటే మధ్యలో పోయేది పోగా గోడ నుంచి పదకొండు, పన్నెండు లాగుతుంది. ఎనభై రూపాయల చిల్లర. దాంతో అక్కావాళ్ల బరువైన కారు ఊళ్లో ముప్పై ఐదు కిలోమీటర్లు పోతుంది. అదే దూరం పెట్రోలు మీదైతే, లీటరుకు పది చొప్పున, మూడున్నర లీటర్లు. ఇక్కడ లీటరు నూరు రూపాయల పైమాటే. అంటే మూడొందల యాభై దాటుతుంది.

అక్క ఆఫీసు పదమూడు కిలోమీటర్లు. పోనూ రానూ ఇరవై ఆరు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంజను లేవాల్సిన పనే లేదు. అయితే ఒక షరతు.

ఈ కారు గుట్టంతా ఇక్కడే ఉంది

ఆ షరతు రాత్రి ప్లగ్గు పెట్టడం. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు కాగితం మీద చూపించే మైలేజీ చూస్తే కళ్లు తిరుగుతాయి. యూరోపియన్ కమిషన్ 2024లో, కార్లలోనే ఉండే ఇంధన మీటర్ల లెక్కలు తెప్పించి చూసింది. రోడ్డు మీద ఈ కార్లు వదిలే కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాలలో తేలిన దానికి సగటున మూడున్నర రెట్లు ఉంది. యంత్రంలో లోపం కాదు. అనుకున్నంత తరచుగా జనం ఛార్జ్ చేయడంలేదు, అనుకున్నంత దూరం కరెంటు మీద నడపడంలేదు.

ఛార్జ్ చేయని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మామూలు పెట్రోలు కారు కన్నా అన్యాయం. క్వింటాలుకు పైగా బరువుండే బ్యాటరీని ఊరికే మోసుకు తిరుగుతుంటుంది. ఈ కారు కొనడమంటే ఒక యంత్రంతో పాటు ఒక అలవాటు కూడా కొనుక్కోవడమే.

మా అక్క ఏం చేసిందో చెప్తాను. సాకెట్ బాగయ్యాక మొదటి పది రోజుల్లో నాలుగు రాత్రులు మరిచిపోయింది. పైకొచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక గుర్తొచ్చేది. మళ్లీ లిఫ్టెక్కి మూడు బేస్‌మెంట్లు దిగాలంటే ఒళ్లు కదలదు కదా. ఒకరోజు పిల్లవాడి పలకబలపం తీసుకెళ్లి, కారు ముందున్న స్తంభం మీద, సరిగ్గా డ్రైవరు కంటికి ఎదురుగా, అరచేతంత అక్షరాలతో 'తీగ' అని రాసింది. ఇప్పుడు హెడ్‌లైట్లు ఆపేముందు ఆ రెండక్షరాలే కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

చుక్క, మెరుపు

ఆ కారు మీటరులో సూది పక్కన రెండు గుర్తులుంటాయి, మెరుపు ఒకటి, నీటిబొట్టులాంటి చుక్క ఒకటి. మెరుపు దగ్గర సూది ఉన్నంతసేపూ మోటారే. కాలు గట్టిగా నొక్కి సూదిని చుక్క దాటిస్తే ఇంజను లేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అలా లేస్తే, పొద్దుట్నుంచీ చల్లగా పడున్న ఇంజను ఒక్క ఉదుటున బరువు మోయాల్సి వస్తుంది. దానికది మంచిది కాదు. కాలు ఎంత మెత్తగా పడితే అంత దూరం. బావగారికి ఇది పట్టుబడటానికి నెల పట్టింది.

బెంగళూరు ట్రాఫిక్ ఇక్కడ మేలే చేస్తుంది. టామ్‌టామ్ సంస్థ లెక్కలో 2024లో నగరం నడిబొడ్డున పది కిలోమీటర్లకు సగటున 34 నిమిషాలు పట్టింది. ఆగిన ప్రతిసారీ పెట్రోలు కారు ఊరికే తాగుతుంది, ఇది తాగదు. బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి వస్తుంది కూడా.

పెట్రోలు మూత ఎందుకు తెరుచుకోదు?

బంకు కుర్రాడు మూత లాగి లాగి, జామ్ అయిందన్నాడు. జామ్ కాలేదు. మామూలు కారులో ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని ఇంజను ఎప్పటికప్పుడు పీల్చుకుంటుంది. ఇక్కడ ఇంజను వారాల తరబడి నిద్రపోవచ్చు, పీల్చుకునేవాళ్లుండరు. అందుకే చాలావాటిలో ట్యాంకును ఒత్తిడి తట్టుకునేలా మూసేస్తారు. లోపల బటన్ నొక్కి కొన్ని సెకన్లు ఆగాలి. ఒత్తిడి దిగాక మూత తనంతట తనే తెరుచుకుంటుంది.

పెట్రోలు కూడా పాతబడుతుంది. ఇప్పుడు మనకొచ్చే పెట్రోల్లో ఐదో వంతు ఇథనాల్, దానికి తేమ పీల్చే గుణం ఉంది. షెవర్లే వోల్ట్ కారైతే ఆరు వారాలు ఇంజను తిరగకపోతే తనే కాసేపు తిప్పుకునేది. ట్యాంకులో పెట్రోలు ఏడాది పాతబడితే దాన్ని కాల్చేసేది కూడా. ఊళ్లోనే తిరిగేవాళ్లు సగం ట్యాంకుకు మించి పోయించకపోవడం మేలు.

తెల్ల నంబరు ప్లేటు

ఆకుపచ్చ ప్లేటు పూర్తి బ్యాటరీ బండ్లకే. దీనికి తెల్లదే. కరెంటు కార్లకు జీఎస్టీ ఐదు శాతం, పెద్ద ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి నలభై శాతం. ఉత్తరప్రదేశ్ 2024లో వీటికి రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది.

చిన్న బ్యాటరీని మరవకండి

అంత పెద్ద బ్యాటరీ ఉన్నా, తలుపులు తెరవడానికీ కంప్యూటర్లు మేల్కోవడానికీ పాతకాలపు 12 వోల్టుల బ్యాటరీయే దిక్కు. సంక్రాంతికి ఊరెళ్లి మూడు వారాలకు తిరిగొస్తే, పెద్దది నిండుగా ఉండీ చిన్నది చచ్చిపోయి కారు పలకకపోవచ్చు.

నారింజరంగు కేబుళ్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. అవి వందల వోల్టులవి. రోడ్డు పక్క మెకానిక్‌ను కూడా ముట్టనివ్వకండి.

ప్లగ్గులో ఉండగానే ఏసీ వేసుకోండి. కారును చల్లబరిచే కరెంటు గోడదవుతుంది, బ్యాటరీది అలాగే మిగులుతుంది.

కొండ దిగితే కరెంటు

పోయిన నెల అందరం తిరుమల వెళ్లాం. కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా రెండొందల యాభై కిలోమీటర్లు. హైవే మీద ఇంజనే నయమని బావగారు బ్యాటరీని 'హోల్డ్'లో పెట్టి, ఊళ్లు వచ్చినప్పుడు మాత్రం కరెంటు వాడారు. ఘాట్ ఎక్కేసరికి ఉన్నదంతా దాదాపు అయిపోయింది. కొండ మీద మీటరు మూడు కిలోమీటర్లు చూపించింది.

దిగేది మొదటి ఘాట్ రోడ్డు. 1944లో తెరిచారు. దాని రూపకల్పనలో మైసూరు దివానుగా పనిచేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాలు ఉందంటారు. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి రెండున్నర టన్నుల బండి అంత ఎత్తు దిగితే, లెక్క ప్రకారం నాలుగున్నర యూనిట్లకు పైగా శక్తి విడుదలవుతుంది. మామూలు కారులో అదంతా బ్రేకు ప్యాడ్ల వేడిగా పోతుంది. అలిపిరి దగ్గర ముక్కుకు తగిలే కాలిన వాసన అదే. ఇక్కడ టైర్ల రాపిడి, మోటారు నష్టం పోగా రెండు యూనిట్ల దాకా బ్యాటరీకి చేరుతుంది. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఘాట్‌లో తిరుగుతున్న ఆర్టీసీ కరెంటు బస్సులు చేసేదీ ఇదే పని. అయితే బ్యాటరీలో చోటుండాలి. కొండ మీదే నిండుగా ఛార్జ్ చేసుకుని బయల్దేరితే వచ్చే కరెంటుకు పోయే దారుండదు.

బావగారు గేరును, బండి వేగాన్ని మోటారే తగ్గించే 'బి'లో పెట్టారు. మలుపు తర్వాత మలుపు, బ్రేకు మీద కాలు పడింది తక్కువ. అక్క వెనక సీట్లోంచి ముందుకు వంగి మీటరు చదువుతూనే ఉంది: నాలుగు, ఐదు, ఏడు. అలిపిరి దాటేసరికి పది. ఆ పదితోనే, ఇంజను లేవకుండా, తిరుపతి ఊళ్లో మా పిన్నివాళ్ల ఇంటిదాకా వెళ్లాం. లోపలికి వెళ్తూనే అక్క అడిగింది: "పిన్నీ, మీ వరండాలో పెద్ద సాకెట్ ఉందా? ఎర్త్ ఉన్నది?"