తాగుడు వ్యసనానికి వైద్యం: ప్రజా బీమా భరించేది ఏది, భరించనిది ఏది

నగరంలోని ప్రభుత్వ ఆస్పత్రులలో తరచు కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి ఒక శ్రామికుడు వార్డులో చేరతాడు. కాలేయం చెడినందున అతని ఆరోగ్య కార్డు పనికి వస్తుంది. పరీక్షలకు, సెలైనుకు, మందులకు అయ్యే ఖర్చును ప్రజాధనంతో నడిచే బీమా భరిస్తుంది. కొద్ది రోజులకు అతడు తేరుకొని ఇల్లు చేరతాడు. కొన్ని నెలలకు అదే మనిషి, అదే జబ్బుతో, అదే వార్డుకు తిరిగి వస్తాడు. కాలేయానికి వైద్యం జరిగింది గాని, దానిని చెరిచిన తాగుడుకు జరగలేదు.

ఈ దుఃఖం ఏ ఒక్క భాషకో, ఏ ఒక్క బస్తీకో పరిమితమైనది కాదు. బెంగళూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకును, రాయలసీమ నుండి, పాలమూరు నుండి పనికోసం వచ్చిన కుటుంబాలకును ఇది పరిచితమైనదే. వ్యసన చికిత్సకు ప్రభుత్వ బీమా ఎంతవరకు తోడ్పడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో, ఆగిన చోటు నుండి ఏ దారులు ఉన్నవో ముందుగా తెలిసి ఉంటే ఇంటిల్లిపాదికి అప్పుల బాధ కొంత తప్పుతుంది. కొన్ని సందర్భాలలో ప్రాణమే నిలుస్తుంది.

చట్టం దృష్టిలో వ్యసనం

వ్యసనాన్ని నడవడి లోపంగా మాత్రమే చూడడం సమాజంలో పాత అలవాటు. చట్టం ఆ విధంగా చూడదు. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో భాగంగానే నిర్వచించింది. అంటే వ్యసనపరుడు చికిత్స పొందే హక్కు గల రోగి.

అయినను చికిత్స అందుతున్నవారు బహు స్వల్పం. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. మద్యం వలన హాని పొందుతూ సహాయం అవసరమైనవారు దేశంలో సుమారు 5.7 కోట్లమంది ఉన్నారని ఆ నివేదిక అంచనా వేసింది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరు.

బీమా ఆగిపోయే చోటు

ఆయుష్మాన్ భారత్ పథకం అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఖర్చును భరిస్తుంది. కర్ణాటకలో ఇది 2018 అక్టోబరులో ‘ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక’ పేరున మొదలైనది. బీపీఎల్ కార్డు లేని కుటుంబాలకు ప్యాకేజీ ధరలో 30 శాతం మేరకు, ఏడాదికి 1.5 లక్షలకు మించకుండా సహాయం లభిస్తుంది.

ఆయుష్మాన్ భారత్ జాతీయ చికిత్సల జాబితాలో మత్తుపదార్థాల వాడకం వలన కలిగే మానసిక రుగ్మతలకు ఒక ప్యాకేజీ ఉన్నది. మానసిక వైద్య ప్యాకేజీలను ప్రధానంగా ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించారు. కాని ఈ పథకం ఆస్పత్రిలో చేరినవారి కోసం రూపొందినది. చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, ఇంటికి పంపిన తరువాత 15 రోజుల ఖర్చు ఇందులో కలిసి ఉంటాయి. ఓపీ చీటీతో వచ్చి చూపించుకొని పోయేవారికి ఇది వర్తించదు.

వ్యసన చికిత్స స్వభావం ఇందుకు భిన్నమైనది. తాగుడు ఆపినప్పుడు శరీరం పడే బాధను వైద్యుల పర్యవేక్షణలో దాటించడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. అది తొలి మెట్టు మాత్రమే. ఆ తరువాత నెలల తరబడి మందులు వాడాలి, కౌన్సెలింగుకు రావాలి, కుటుంబం తోడుండాలి. మళ్లీ తాగుడులో పడే ప్రమాదం తొలి నెలలలోనే అధికం. బీమా పదిహేను రోజులకు ముగుస్తుంది. అసలైన చికిత్స అప్పుడే మొదలవుతుంది. చెడిన కాలేయానికి, మత్తులో జరిగిన ప్రమాదానికి సులభంగా దొరికే ప్రజాధనం, వాటికి మూలమైన వ్యసనానికి అంత సులభంగా దొరకకపోవడానికి కారణం ఇదే.

ఉద్యోగం ద్వారా వచ్చే రక్షణ

సంస్థలు తమ ఉద్యోగులకు కొనియిచ్చే ప్రైవేటు పాలసీలను నమ్ముకొనేవారు షరతులను చదువుకోవలసి ఉన్నది. మానసిక అనారోగ్యానికి శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా కల్పించాలని 2017 చట్టం ఆదేశించింది. అయితే బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపులలో మద్యం, మాదకద్రవ్యాల వ్యసనానికి, దాని పర్యవసానాలకు చేసే చికిత్స కూడా ఉన్నది. పాలసీ పత్రంలో ఆ మినహాయింపు ఉంటే కంపెనీ క్లెయిమును నిరాకరించవచ్చు.

ఈఎస్ఐ పద్ధతి వేరు. నెలకు 21,000 రూపాయల వరకు జీతం గల కార్మికులు ఇందులో చేరతారు. జీతంలో 0.75 శాతం కార్మికుడు, 3.25 శాతం యజమాని చెల్లిస్తారు. ఇందులో ఆస్పత్రిలో చేరికకే గాక ఓపీ వైద్యానికి, మందులకు కూడా అవకాశం ఉన్నది. కుటుంబ సభ్యులకు సైతం వర్తిస్తుంది. నెలల తరబడి సాగే చికిత్సకు ఈ ఏర్పాటే ఎక్కువ అనువైనది. జీతం చీటీలో ఈఎస్ఐ కోత కనిపిస్తున్నా కార్డు చేతికి రానివారు యజమానిని అడిగి పొందాలి.

కార్డు లేకున్నా తెరచి ఉండే ద్వారాలు

దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, నిరాశ్రయులకు ప్రభుత్వ మానసిక వైద్యాలయాలలో ఉచిత చికిత్స పొందే హక్కును 2017 చట్టంలోని 18వ సెక్షను ఇచ్చింది. బీపీఎల్ కార్డు చేతిలో లేకపోయినా ఈ హక్కు పోదు. సొంత ఊరిలో రేషన్ కార్డు వదలి వచ్చిన వలస కుటుంబాలకు ఇది ముఖ్యమైన అంశం.

బెంగళూరులో నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉన్నది. తాలూకా ఆస్పత్రులలో ‘మనోచైతన్య’ కార్యక్రమం కింద మంగళవారాలలో మానసిక వైద్యులు రోగులను చూస్తారు. తొలి సలహాకు దగ్గరలోని నమ్మ క్లినిక్‌కు వెళ్లవచ్చు. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నవి. 14446 జాతీయ వ్యసన విముక్తి సహాయ సంఖ్య. 14416 టెలిమానస్ సంఖ్య. రెండింటికీ ఫోను ఖర్చు ఉండదు. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఆయుష్మాన్ కార్డు ఉన్నవారు పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆస్పత్రులలో దానిని వాడుకోవచ్చు. రాష్ట్ర పథకపు కార్డు మాత్రమే ఉన్నవారికి ఈ సౌకర్యం తప్పక వర్తిస్తుందని అనుకోరాదు. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో తన ఆరోగ్యశ్రీని బెంగళూరు, చెన్నై, హైదరాబాదులలోని కొన్ని ఆస్పత్రులకు విస్తరించినా, అది ఎంపిక చేసిన పెద్ద చికిత్సల కోసమే. రోగిని చేర్చే ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను గాని, 14555 సంఖ్యను గాని అడగడం మేలు.

ప్రాణానికి సంబంధించిన హెచ్చరికలు

ఏళ్ల తరబడి రోజూ తాగేవారిని గదిలో పెట్టి తలుపు వేసి ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదకరం. ఆపిన తొలి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక మతి తప్పి, లేనివి కనిపించి, జ్వరం, వణుకు ముదిరి ప్రాణం పోవచ్చు. చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం మొదలుకాగానే వైద్యుని వద్దకు చేర్చాలి.

తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే మందులను నమ్మరాదు. వైద్యులు వాడే డైసల్ఫిరాం అనే మందు రోగికి తెలియకుండా ఇస్తే, అతడు తాగిన వెంటనే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

ప్రైవేటు కేంద్రంలో డబ్బు కట్టే ముందు, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద దానికి నమోదు ఉన్నదా అని అడగాలి. రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని చట్టం నిషేధించింది. కట్టివేసే చోటు ఎంత చవకైనా చికిత్సాలయం కాదు.

ఇంటికి పంపే రోజున

కాలేయ వ్యాధికో, ప్రమాదానికో బీమాతో చికిత్స పొందిన రోగిని ఇంటికి పంపే రోజున కుటుంబం మూడు సంగతులు అడిగి వ్రాయించుకోవాలి. మానసిక వైద్య విభాగానికి సిఫారసు చీటీ ఇస్తారా? మళ్లీ చూపించవలసిన తేదీ ఏది? పదిహేను రోజుల తరువాత మందులు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి? ఈ మూడింటికి సమాధానం దొరికితే, బీమా ఆగిన చోట చికిత్స ఆగదు. అదే మనిషి అదే వార్డుకు తిరిగి రాకుండా ఉండే అవకాశం అక్కడ మొదలవుతుంది.