వడ్రంగి జేబులో నుండవలసిన మూలమట్టము

గ్రామమున పాఠశాలకు బెంచీలు కావలసివచ్చినను, అంగన్వాడీ కేంద్రమునకు తలుపు కావలసివచ్చినను పంచాయతీ సభ్యులు మొదట కర్రను గురించి విచారింతురు. టేకా, వేపా, తుమ్మా యని అడుగుదురు. ధర విషయమున బేరమాడుదురు. పని పూర్తియైన పిదప కూలిని గురించి చర్చింతురు. ఈ రెంటి నడుమ, ఆ కర్రపై గీత గీసిన పనిముట్టును గురించి అడిగినవారిని మేము మిక్కిలి అరుదుగా చూచితిమి.

ఒక గ్రామములో పాఠశాలకు క్రొత్తగా చేయించిన బెంచీలు నెల తిరుగక మునుపే ఊగజొచ్చెను. కర్ర మంచిదే. వడ్రంగి పని తెలిసినవాడే. అయినను సభ్యులు అతని కూలిలో కొంత పట్టుకొనిరి. అతడు నొచ్చుకొని, వాదమునకు దిగక, తన సంచిలోని చిన్న మూలమట్టమును తీసి మా ముందుంచెను. అది చూచుటకు నిగనిగలాడుచుండెను. చదునైన పలకపై రెండు గీతలు గీసి చూచునప్పటికి దోషమెక్కడ నున్నదో తేలిపోయెను. ఆ రెండు గీతలను గురించియే యిచ్చట వివరింపదలచితిమి.

మూలమట్టమనగా రెండు భాగములు లంబకోణముగా కూర్చబడిన పనిముట్టు. ఒకటి మందమైన దిమ్మ. రెండవది పలుచని ఉక్కు రేకు. దిమ్మను కర్ర అంచునకు ఆనించి, రేకు వెంబడి గీత గీసినచో ఆ గీత అంచునకు సరిగా లంబముగా వచ్చును. కోత ఆ గీతపైననే సాగును గాన, గీత తప్పినచో రంపమెంత మంచిదైనను ప్రయోజనము లేదు.

పెద్ద మట్టముండగా చిన్నది యెందుకని కొందరడుగుదురు. బెంచీ కాళ్లు, అడ్డకమ్ములు, కిటికీ చట్రములు మొదలగు వానిలో గీత గీయవలసిన కర్ర వెడల్పు సాధారణముగా 5 మొదలు 10 సెంటీమీటర్ల లోపుననే యుండును. పెద్ద మట్టము సంచి అడుగున నుండును. నిచ్చెనపై నున్నవాడు దానికొరకు దిగిరాడు, కంటి అంచనాతోనే గీత గీయును. చొక్కా జేబులో నున్న మట్టమైనచో ప్రతి గీతకును చేతికి వచ్చును. 10 సెంటీమీటర్ల రేకు, అనగా రమారమి 4 అంగుళములది, ఈ పనికి తగినదని మా అభిప్రాయము. 15 సెంటీమీటర్లది వంగినప్పుడెల్ల జేబునుండి జారిపడును. 5 సెంటీమీటర్లది తలుపు చట్రపు వెడల్పునకు చాలదు.

ఇక పరీక్ష. తిన్నని అంచు గల పలక నొకదానిని తీసికొనవలెను. యంత్రముపై కోసిన ప్లైవుడ్ ముక్క దీనికి చాలును. మట్టపు దిమ్మను ఆ అంచునకు గట్టిగా ఆనించి, మొన తీరిన పెన్సిలుతోగాని, చాకు మొనతోగాని ఒక గీత గీయవలెను. పిదప మట్టమును తిరగవేసి, అనగా దిమ్మ ఇదివరకు ఎడమవైపున నున్నచో ఇప్పుడు కుడివైపునకు వచ్చునట్లు త్రిప్పి, మొదటి గీత మొదలుననే ఉంచి రెండవ గీత గీయవలెను. రెండును ఒక్కటిగా కలిసినచో మట్టము సరియైనది. పైకి పోవుకొలది విడిపోయినచో మట్టము తప్పు. తిరగవేయుటచే తప్పు రెండింతలై కనబడును. కావున గీతల నడుమ నున్న ఎడములో సగమే మట్టపు అసలు దోషము. రేకు లోపలి అంచును, వెలుపలి అంచును వేరువేరుగా పరీక్షింపవలెను. ఒకటి సరియై రెండవది తప్పుట కలదు.

అంగడిలో కొందరు రెండు మట్టములను వీపునకు వీపు చేర్చి, నడుమ వెలుతురు రాలేదని చూపి, రెండును సరియైనవే యందురు. ఇది చాలని పరీక్ష. ఒకటి ఎంత తగ్గినదో రెండవది అంతే హెచ్చియున్నను అవి చక్కగా కలియును.

మేము చూచిన మట్టమున 10 సెంటీమీటర్ల చివర గీతల నడుమ 1 మిల్లీమీటరు ఎడముండెను. అసలు దోషము అర మిల్లీమీటరు. ఇంత స్వల్పమునకు బెంచీ ఊగునా యని సభ్యులు సందేహించిరి. లెక్క చూడుడు. అడ్డకమ్మి కొనను సన్నగా చెక్కి కాలికి తొలిచిన రంధ్రములో దూర్చుదురు. ఆ కొననే కుసి యందురు. కుసి మొదట కాలికి ఆనుకొను అంచును ఈ మట్టముతోనే గీయుదురు. ఆ అంచు 10 సెంటీమీటర్లకు అర మిల్లీమీటరు తప్పినచో, 45 సెంటీమీటర్ల కాలు అడుగున 2 మిల్లీమీటర్లకు పైగా ప్రక్కకు పోవును. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పోయినచో నాలుగును నేలపై సమముగా నిలువవు. బలవంతముగా బిగించినచో అతుకులో సందు ఏర్పడును. పిల్లలు కూర్చుండి లేచుచుండగా ఆ సందే పెద్దదగును.

అంగడిలో దొరకు రకములలో కర్ర దిమ్మ గలది చవుక. కాని తేమకు కర్ర ఉబ్బి, ఎండకు కుంచించును గాన వానకాలము ముందును వెనుకను మరల పరీక్షింపవలెను. మొత్తము ఉక్కుతో చేసినది నమ్మదగినదే గాని తుప్పునకు లోనగును. అప్పుడప్పుడు నూనెగుడ్డతో తుడుచుట అవసరము. రేకు జరుపుటకు వీలైన రకము, అనగా కాంబినేషన్ స్క్వేర్, లోతు కొలుచుటకును, అంచునకు సమాంతరముగా గీత గీయుటకును, 45 డిగ్రీల కోణమునకును పనికివచ్చును. ఒక్క పనిముట్టే కొనగలవాడు దీనిని కొనుట మేలు. అయితే దాని మర వదులైనచో రేకు కదలును. బిగించి, కదిపి చూచి మరీ కొనవలెను. ఏ రకమైనను ఒక్కసారి గచ్చుపై పడినచో పాత నమ్మకము పనికిరాదు, మరల రెండు గీతలు గీయవలసినదే.

చిన్న మట్టముతో పెద్ద పని చేయబూనరాదు. పైన చెప్పిన దోషమే 2 మీటర్ల ద్వారబంధముపై పూర్తిగా 1 సెంటీమీటరగును. ద్వారబంధమునకు మూలనుండి మూలకు రెండు కర్ణములను టేపుతో కొలిచి సమానముగా నున్నవో లేవో చూడవలెను. లేదా ఒకవైపు 3 అడుగులు, రెండవవైపు 4 అడుగులు గుర్తించి, ఆ గుర్తుల నడుమ 5 అడుగులు వచ్చినదో లేదో కొలువవలెను. 3, 4 భుజములు గల దీర్ఘచతురస్రపు ప్రస్తావన బౌధాయన శుల్బసూత్రములలోనే కలదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభింపబడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున చేర్చబడిన 18 వృత్తులలో వడ్రంగము ఒకటి. పనిముట్లకై 15,000 రూపాయల వరకు ఈ-వోచరు నిచ్చు ఏర్పాటు అందు చేయబడినది. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలో నుంచబడినది గాన సభ్యులకును, వృత్తిదారునకును మాటలాడుకొను సందర్భము సహజముగనే కలుగును. విద్యుత్తుతో నడచు రంపము, చిత్రిక యంత్రము కంటికి ఇంపుగా నుండును, వానిని వలదనుటలేదు. మట్టమును మాత్రము సరిచూచి కొనుమని ఆ సమయముననే చెప్పవచ్చును.

ఆ గ్రామమున పట్టుకొనిన కూలిని సభ్యులు మరునాడే చెల్లించిరి. వడ్రంగి క్రొత్త మట్టమును కొని, బెంచీల అతుకులు విప్పి మరల సరిచేసెను. రెండు గీతలు గీసిన పలకను పంచాయతీ కార్యాలయముననే బీరువా ప్రక్కన ఉంచిరి. పట్టణమునుండి మట్టము కొనితెచ్చినవారు ఇప్పుడు మొదట అచ్చటికి వచ్చి, దానిపై గీసి చూచుకొని, పిదప పనిలోనికి పోవుచున్నారు.