త్రీ ఫిఫ్టీన్ తూటా

అమెరికాలో ఎల్క్ వేటకు వెళ్లేవాళ్లు ఏ తూటా మంచిదని గంటలకొద్దీ వాదించుకుంటారు. 1906లో అక్కడి సైన్యం కోసం తయారైన థర్టీ ఆట్ సిక్స్‌కు ఇప్పటికీ గట్టి మద్దతుంది. మూడు క్వింటాళ్లకు పైగా తూగే జంతువు నరకయాతన పడకుండా ఒక్క దెబ్బకు పడిపోవాలి గనక ఆ వాదనలో అర్థముంది. మన పాకాల, ఏటూరునాగారం అడవుల్లో దానికి సరిజోడు కణుజు. ఒకప్పుడు ఈ దేశంలో లైసెన్సున్న వేటగాడికి ఏ తూటా దొరకాలో మాత్రం సర్కారే తేల్చింది.

బ్రిటిష్ సైన్యం వాడేది త్రీ నాట్ త్రీ. ఆ తూటాలు బయటివాళ్ల చేతికి చిక్కితే తమ మీదికే తిరుగుతాయని పాలకుల భయం. అందుకే సైన్యం వాడే సైజులు పౌరులకు దొరక్కుండా చేశారు. వాటికి బదులు కుదిరింది ఆస్ట్రియా తూటా. 1888లో మాన్లిషర్ రైఫిల్ కోసం నల్లమందుతో పుట్టి, 1890లో పొగ తక్కువ మందుకు మారిన ఎనిమిది మిల్లీమీటర్ల రకం. అంగుళాల్లో .315. ఇంగ్లండులో బీఎస్ఏ కంపెనీ, తర్వాత కలకత్తా దగ్గరి ఈషాపూర్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌నే దీనికి తగ్గట్టు మార్చి అమ్మాయి.

తూటాను అరచేతిలో పెట్టుకుని చూడండి. 50 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం, అడుగున అంచు. పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీదైతే అడుగున కె.ఎఫ్. అని ముద్ర. ముందు దాదాపు 16 గ్రాముల గుండు. దాని లోహపు తొడుగు మొన దగ్గర ఆగిపోయి, సీసం బయటికి కనిపిస్తుంది. కిటుకంతా ఆ కాస్త సీసంలోనే ఉంది. నిండా తొడుగున్న సైనిక గుండు సన్నటి రంధ్రం చేసి అవతలికి దూసుకుపోగలదు. గాయపడ్డ జంతువు ఎటో పారిపోయి, ఏ పొదలోనో తీసుకుని తీసుకుని చస్తుంది. మెత్తటి మొన తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని తన శక్తిని ఊపిరితిత్తుల్లోనే దించుతుంది. బరువుంది గనక భుజం ఎముక అడ్డొచ్చినా లోపలికి దిగుతుంది.

వేగం తక్కువ. సెకనుకు 620 మీటర్లు. థర్టీ ఆట్ సిక్స్ 800 దాటుతుంది. గొట్టాన్ని నేలకు సమానంగా పట్టి కాలిస్తే ఈ గుండు వంద మీటర్లు వెళ్లేసరికి 14 సెంటీమీటర్లు, రెండు వందలకు అరమీటరుకు పైగా కిందికి జారుతుంది. ఎల్క్ తిరిగే కొండవాలుల్లో అది పెద్ద లోపం. టేకు, వెదురు కమ్ముకున్న మన అడవుల్లో వంద మీటర్ల అవతల కనిపించేదే తక్కువ. భయంతో చేసిన ఎంపిక ఈ అడవికి ఇంత బాగా అతికిందంటే నాకు ఆశ్చర్యమే.

1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణ కలిసి ఆ వేటకు తెరదించాయి. కణుజుల కోసం అది జరగాల్సిందే. పంటలు తినే అడవిపందులను మాత్రం అనుమతితో గుర్తింపు పొందిన షూటర్లు కాల్చవచ్చు. ఆ అనుమతినిచ్చే అధికారాన్ని 2021లో తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు అప్పగించింది. జనగామ, మహబూబాబాద్ మక్కచేల రైతులకు అది అవసరం.

దొంగవేటగాళ్లకు తూటాతో పనే లేదు. కరెంటు లైనుకు కొక్కెం తగిలించి అడవిలో తీగ పరుస్తారు. వచ్చేది కణుజా, ఆవా, మనిషా అన్నది దానికి పట్టదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో అలాంటి తీగకే గ్రేహౌండ్స్ కమాండో ఒకరు బలయ్యారు. జంతువు తగిలి లైను ట్రిప్ అయితే ఆ వేళ సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులోకి ఎక్కుతుంది. అటవీశాఖ రోజూ పొద్దున్నే తెప్పించుకు చూడాల్సిన పుస్తకం అది.