వార్తల్లో పదం: క్యాట్‌ఫిషింగ్

లేని మనిషిని ఆన్‌లైన్‌లో సృష్టించి, ఆ ముసుగులో ఎదుటివారిని ప్రేమలోకి దించడమే క్యాట్‌ఫిషింగ్. 2010లో వచ్చిన అమెరికా డాక్యుమెంటరీ ‘క్యాట్‌ఫిష్’తో ఈ మాట వాడుకలోకి వచ్చింది.

దీని వెనక ఎప్పుడూ డబ్బే ఉంటుందనుకోవడం పొరపాటు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు మాంటై టెయో ఉదంతమే చూడండి. 2012 సెప్టెంబరులో ఆయన అమ్మమ్మ చనిపోయారు. ఆ దుఃఖంలో ఉండగానే, ఆన్‌లైన్‌లో పరిచయమైన ప్రియురాలు లుకేమియాతో కన్నుమూసిందని కబురు. దేశమంతా ఆయన్ను ఓదార్చింది. అసలు ఆ అమ్మాయే లేదని 2013 జనవరిలో డెడ్‌స్పిన్ వెబ్‌సైట్ బయటపెట్టింది. ఫొటోలు ఒకరివి, ఫోన్‌లో గొంతు ఇంకొకరిది. అంత జరిగాక జనం ఎగతాళి చేసింది మోసపోయిన మనిషినే. అన్యాయం కదా! ఈ భయంతోనే ఎందరో బాధితులు నోరు విప్పరు.

మన దగ్గర ఈ వల పెళ్లి సంబంధాల సైట్లలోనూ పడుతోంది. విదేశీ వరుడినంటారు, కానుక పంపానంటారు, కస్టమ్స్‌లో ఆగింది, సుంకం కట్టమంటారు. ఐటీ చట్టం 66డి సెక్షన్ ప్రకారం ఇలాంటి మారువేషపు మోసానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ ఇంట్లో ఎవరైనా మోసపోతే, దయచేసి వారిని నిందించకండి.