వెండి చెంచా ఏల నల్లబడును?

రాయదుర్గమున ఆకాశమునంటు క్రొత్త మేడలలోనైనను, బీరువాలో భద్రపరచిన ఉగ్గుగిన్నె కొన్నాళ్ళకు నల్లబడక మానదు. ఇంటివారు పండ్లపొడితోనో, విబూదితోనో తోముదురు. గిన్నె తళతళలాడును. గుడ్డకు అంటిన ఆ నలుపేమి? అది కేవలము మురికి కాదు. అందు వెండియును కలదు.

గాలిలో హైడ్రోజన్ సల్ఫైడు వంటి గంధకపు వాయువులు కొలదిగా నుండును. అవి వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడు అను నల్లని పొర నేర్పరచును. తోమిన ప్రతిసారియు ఈ పొరతోపాటు కొంత వెండియు పోవును. క్రమముగా నగిషీ అరిగి, ముద్ర చెరగిపోవును. వస్తువులను సేకరించువారికి ఈ నష్టము తీరనిది. ఏలయన, వస్తువు చరిత్రను చెప్పునది ఆ ముద్రయే.

శుద్ధమైన వెండి మెత్తనిది. అందుచే 1000 పాళ్ళలో 925 పాళ్ళు వెండి, తక్కినది సామాన్యముగా రాగి కలుపుదురు. ఇదియే స్టెర్లింగు వెండి. లండనులో 1544 నుండి దీనిపై నడచు సింహపు ముద్ర వేయుచున్నారు. మన దేశపు వస్తువులపై 925 అను అంకె కనబడును. వెండిపూత వస్తువులు వేరు. వానిని అతిగా తోమినచో లోపలి లోహము బయటపడును.

హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్రాసాదమున 101 మంది ఒకే బల్లవద్ద భుజింపవచ్చును. అట్టి విందులకు ఐరోపావారు ప్రతి పదార్థమునకు వేరు పనిముట్టు కల్పించిరి. ఇందు ఆడంబరమే కాదు, రసాయనశాస్త్రమును కలదు. గ్రుడ్డులో గంధకము ఉండుటచే వెండి నల్లబడును. ఉప్పు వెండిని తినివేయును. కావున గ్రుడ్డు చెంచాకును, ఉప్పు గిన్నెకును బంగారు పూత పూసెడివారు. చేపపై పిండిన నిమ్మరసము ఇనుప కత్తికి తగిలి రుచి చెడును. అందుచే చేపకత్తి వెండిదైనది. తుప్పుపట్టని ఉక్కు 1913లో గాని షెఫీల్డున తయారు కాలేదు.

పోయిన వెండిని మరల రప్పింపవచ్చునా? పొరగా నున్నంతవరకు రప్పింపవచ్చును. అల్యూమినియం పాత్రలో వేడినీరు పోసి, వంటసోడా కలిపి, వెండి వస్తువు పాత్రకు తగులునట్లు ఉంచవలెను. అల్యూమినియం గంధకమును వెండినుండి విడిపించును. వెండి తిరిగి వస్తువుపైననే నిలుచును. క్రుళ్ళిన గ్రుడ్డు వాసన కొంచెము వచ్చినచో అది గంధకము వీడుటకు గుర్తు.

అయితే బోలుపిడి కత్తులను ఇట్లు ముంచరాదు. వేడికి లోపలి లక్క వదలును. కావలెనని నల్లగా ఉంచిన నగిషీగల వస్తువులను, రాళ్ళు పొదిగినవానిని, కరీంనగరపు సన్నని వెండితీగ పనులను నిపుణులకే అప్పగించుట మేలు.

రబ్బరులోను ఉన్నిలోను గంధకము ఉండును. వెండిని వానితో చుట్టక, తుడిచి ఆరబెట్టి నూలుగుడ్డలో దాచినచో, తోముడు అవసరమే తగ్గును. ఉగ్గుగిన్నె మనుమల చేతికి చెక్కుచెదరక చేరును.